ఎక్కుడు మీద ఆగే జీపు

మా నాన్న జీపు లారీ ఎక్కి ఖల్లికోట నుంచి బరంపురం వచ్చిన రోజున మా లంజిపల్లి సందులో ఆటోలన్నీ ఆగిపోయాయి. దాన్ని దింపడానికి పలకలు వేశారు, తాళ్ళు కట్టారు, ఇరుగుపొరుగు ఉద్యోగస్తులందరూ స్కూటర్లు పక్కకి తీసుకుని తలో సలహా పారేశారు. ఎదురింటాయన బాల్కనీలోంచి వంగి ఒడియాలో అడిగాడు, ఇది మ్యూజియానికా, పాత ఇనుముకా అని. రెండిటికీ కాదు, మా ఇంటికే అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి భార్యని కూడా పిలుచుకొచ్చాడు.

నాన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆయన ఉండగా ఆ బండి స్టీరింగ్ ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. పోయాక అది ఖల్లికోటలో రేకుల షెడ్డు కింద అలాగే ఉండిపోయింది. టైర్లలో గాలి దిగిపోయింది, కాన్వాసు మీద కోళ్ళు చేరాయి. చిన్నాన్న ఫోన్ చేశాడు. "పాత ఇనప సామాన్లోడు రోజూ వచ్చి సూసి పోతన్నాడమ్మా. ఇచ్చీమంటావా, ఉంచమంటావా?" అన్నాడు. ఉంచమనడానికి నాకు మనసు లేదు, ఇచ్చెయ్యమనడానికి నోరు రాలేదు. ఇక్కడికి పంపెయ్యమన్నాను. ఆ జీపంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం.

మాది మొదట్లో సముద్రం ఒడ్డు కుటుంబం. తాతల కాలం నుంచీ వేటే. నాన్నే మొదట తెప్ప వదిలి ఒడ్డెక్కి స్టీరింగ్ పట్టుకున్నాడు, తమ్ముణ్ణి క్లీనరుగా పెట్టుకున్నాడు. ఖల్లికోటలో కాపురం పెట్టి, ఎండుచేపలు పొలసర సంతకి వేసుకెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ గంపల్ని, మనుషుల్ని కలిపి తెచ్చేవాడు. అమ్మ ముందు ఎడమ సీట్లో కూర్చుని ఆయనతో పాటే సంతకి వెళ్ళేది. బేరాలన్నీ ఆమెవేనట, నాన్నకి బేరం ఆడడం చేతకాదు. ఒక సంత రోజున పొలసరలో అమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. అక్కడి డాక్టరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఖల్లికోట దాకా వస్తే రైలో, కారో ఏదో ఒకటి దొరుకుతుందని బయల్దేరారు. దారిలో కొండల మధ్య రోడ్డు నిటారుగా పైకి లేచే ఒక ఎక్కుడు ఉంది. ఆ ఎక్కుడు మీద అమ్మ ప్రాణం పోయింది.

నేనప్పుడు నాన్నమ్మ దగ్గర ఉన్నాను, ఇంకా బళ్ళో వెయ్యలేదు. అమ్మ ముఖం కంటే ఆమె కొంగులో ఉండే ఉప్పు వాసనే నాకు బాగా గుర్తు. ఇంటికి వచ్చిపోయేవాళ్ళందరూ ఒకటే మాట చెప్పుకున్నారు. ఎక్కుడు మీద జీపు ఆగిపోయిందట, ఆగబట్టే ఆమె దక్కలేదట. ఆ దారిన వచ్చినవాళ్ళు బానెట్ ఎత్తి ఉండడం కళ్ళారా చూశారట. నాన్న అవునని అనలేదు, కాదనీ అనలేదు.

తరవాత పెద్దమ్మ నన్ను బరంపురం తెచ్చుకుని లంజిపల్లిలో తన దగ్గరే ఉంచి చదివించింది. సెలవులకి ఖల్లికోట వెళ్ళేదాన్ని. నాన్న నన్ను కూడా పొలసర సంతకి తీసుకెళ్ళేవాడు. ముందు ఎడమ సీటు మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. దాని మీద నీళ్ళ డబ్బా పెట్టేవాడు. ఎంత జనం ఉన్నా వెనకే సర్దుకోవాలి. నన్ను కూడా వెనక, తలుపు గొలుసు పక్కన కూర్చోబెట్టేవాడు.

తిరుగు దారిలో ఒక మామిడితోట వచ్చేది. తోట దాటగానే నాన్న ఎడమ చెయ్యి సీటు పక్కన కిందకి పోయేది. బీడీ కట్ట కోసమనుకునేదాన్ని. ఇంకాస్త ముందుకెళ్ళి ఎక్కుడు మొదలయ్యాక ఇంజిన్ ఒకసారి దగ్గేది. బండి ఊగేది. మళ్ళీ దగ్గేది. తరవాత చచ్చిపోయేది. చిన్నాన్న దూకి వెనక చక్రం కింద రాయి పెట్టేవాడు. నాన్న దిగి బానెట్ ఎత్తేవాడు. ఎత్తినవాడు ఎంతకీ రాడు. వెనక కూర్చున్న మాకు పైన బానెట్ రేకు, కింద ఆయన పాదాలు తప్ప ఇంకేమీ కనబడేవి కావు.

ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

"ఆయమ్మే ఆపతంది."

"ఎవుల్ని అడగతందో ఏటో."

ఎవరో ఒకామె నన్ను ఒళ్ళోకి లాక్కుని తల మీద కొంగు కప్పేది. ఆ చీకట్లో నేను గట్టిగా కళ్ళు మూసుకునేదాన్ని. అమ్మ తోడుకి ఎవర్ని అడుగుతోందో నాకు తెలుసు. ఆ బండిలో ఆమెది అనదగిన మనిషిని నేనొక్కదాన్నే కదా. కాసేపటికి నాన్న వచ్చేవాడు, ముఖం నిండా నూనె మసి పూసుకుని. ఇంజిన్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలయ్యేది. సంతకి పోయేటప్పుడు ఆగదు, ఇంకే ఊరి దగ్గరా ఆగదు. వచ్చేటప్పుడు, అక్కడే. అంతకంటే రుజువేం కావాలి నాకు?

తల్లంటే పిల్లకి భయం ఉండకూడదు. నాకు ఉండేది. అమ్మ ఫొటో ఉన్న గదిలో ఒంటరిగా ఉండలేకపోయేదాన్ని. పండగలకి ఆ ఫొటోకి దండ వేయమంటే నా చేత కాక పెద్దమ్మే వేసేది. పెళ్ళయ్యాక, కాలేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చాక కూడా, బస్సు దగ్గి ఆగితే చాలు, నా వీపు మీద ఏదో చల్లగా పాకేది. పెద్దయ్యాక పొలసర దారి తొక్కలేదు.

అలాంటి నేను జీపుని ఇంటికి రప్పించుకున్నానంటే కారణం ఒక్కటే. దీనికి ఆగని ఇంజిన్ పెడతాను. నా చేతులతో నేనే నడుపుతాను. ఆ ఎక్కుడు మీద ఒక్క దగ్గు లేకుండా దాటిస్తాను. అలా దాటిన రోజున అమ్మంటే భయం పోతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, నవ్వకపోతే అప్పుడేం చెయ్యాలో తెలియక.

మా ఆయన ఐటీఐలో ఫిట్టరు పని నేర్పుతారు. వాళ్ళది ఇచ్ఛాపురం పక్క పొలాల ఊరు. సముద్రాన్ని ఆదివారాలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళే తప్ప దాని మీద బతికినవాళ్ళు కాదు. జీపు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఫోన్‌లో వీడియోలు చూశారు, కొత్త రెంచీలు కొన్నారు, కారు లేని మా వరండాని గ్యారేజీ అని పిలవడం మొదలుపెట్టారు. ఇంజిన్ దగ్గర మాత్రం మా ఇద్దరికీ పేచీ వచ్చింది.

"ఇంజనెందుకు మార్చడం? బంగారంలాటి ఇంజను. రింగులు మార్చి, పంపు సర్వీసు సేయిత్తే మనకంటే ఎక్కువ బతుకుతాది" అన్నారు.

"దగ్గే ఇంజన్ నాకొద్దు."

"దగ్గితే మందెయ్యాల గాని, గుండె పీకి పారేత్తారేటి ఎవులైనా?"

"ఇంజన్ మారితేనే బండి ఈ ఇంట్లో ఉంటాది. నేదంటే ఆ సామాన్లోడికి ఫోన్ సేసీండి."

ఆయన నా ముఖం కాసేపు చూసి, సరేలే అని టూల్‌బాక్స్ తెరిచారు. నాకు కోపం వస్తే ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యవని ఆయన అందరికీ చెప్తుంటారు. కొంచెం ఎక్కువ చేసి చెప్తారు గానీ పూర్తిగా అబద్ధం కాదు.

విప్పడం మొదలైంది. మట్టి, గ్రీజు, పొలుసులు. నేల రేకుల సందుల్లోంచి చేప పొలుసులు అభ్రకం ముక్కల్లాగా రాలేవి. వాన పడితే వరండా అంతా ఎండుచేపల వాసన లేచేది. పక్కింటావిడ మొహమాటపడుతూనే అడిగింది, మీ ఇంట్లో రోజూ ఇదే కూరా అని. పైన ఆకుపచ్చ రంగు, గీకితే నీలం, ఇంకా గీకితే మట్టిరంగు. నాన్న కంటే ముందు అది ఇంకెంతమందిని మోసిందో.

ఒక మధ్యాహ్నం వాన జోరుగా కురుస్తోంది. మా ఆయన డ్యూటీకి వెళ్ళారు. నేను సెలవు పెట్టి ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. వరండాలో జీపు హారన్ మోగింది. మోగి ఆగలేదు. నాన్న సంతలో అమ్మని పిలవడానికి కొట్టేవాడట అలా, వదలకుండా, సాగదీసి. నేను వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. "నన్నొదిలీ" అన్నాను పైకే. ఎదురింటాయన గొడుగేసుకొచ్చి గేటు తీసుకుని బ్యాటరీ తీగ పీకేదాకా అది అరుస్తూనే ఉంది. నీళ్ళు దిగి తీగలు కలిసిపోయాయని సాయంత్రం మా ఆయన చూపించారు. చూశాను. నమ్మాను కూడా. అయినా ఆ రాత్రి వరండా వైపు కిటికీ మూసేశాను.

ఆ తరవాతి ఆదివారం సీట్లు తీశాం. ఎడమ సీటు గుడ్డ కోస్తే లోపలి కొబ్బరి పీచులో తుప్పు పట్టిన జడపిన్ను ఒకటి దొరికింది. నాన్న ఆ సీటుకి ఎన్నడూ గుడ్డ మార్చలేదు. మా ఆయన దాన్ని నా చేతికి ఇవ్వబోయారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన దాన్ని బోల్టులు వేసే పళ్ళెంలో వేశారు.

డ్రైవరు సీటు కింద రేకు ఎత్తినప్పుడు బయటపడింది, డీజిల్ పైపుకి మధ్యలో అమర్చిన చిన్న ఇత్తడి ట్యాపు. దాని ఒళ్ళంతా నల్లగా గ్రీజు పట్టి ఉంది. పిడి మాత్రం తళతళలాడుతోంది, రోజూ తోమే దేవుడి గంటలాగా.

"ఇది కంపెనీవోడు పెట్టింది కాదు" అన్నారు మా ఆయన తిప్పి చూస్తూ. "మీ నాన్న దొంగల కోసం పెట్టించుంటారు. సంతలో బండొదిలీటప్పుడు ఇది కట్టేత్తే ఇంజనుకి డీజిల్ అందదు. ఎవుడెక్కినా ఫర్లాంగు పోనిచ్చి ఆగిపోతాది. బలేటోరు."

నాన్నకి అంత తెలివి ఉందని నాకూ ముచ్చటేసింది. ట్యాపు కూడా జడపిన్ను పక్కన పళ్ళెంలోకి చేరింది.

పాత ఇంజిన్‌ని గొలుసు కప్పీతో పైకెత్తిన రోజున నేను దగ్గరుండి చూశాను. అది గాలిలోకి లేచి, కొంచెం తిరిగి, నల్లటి చుక్కలు రాలుస్తూ పక్కకి దిగింది. ఇంక దగ్గు చూస్తాను, అనుకున్నాను గట్టిగా. గుద్దుకుని పాడైపోయిన ఒక కొత్త బండిలోంచి తీసిన టర్బో డీజిల్ ఇంజిన్ దాని చోట్లో కూర్చుంది. కూర్చోవడమంటే మాటలు కాదు. దిమ్మలు మార్చి వెల్డింగ్ చేయించాలి, పాత గేర్‌బాక్సుకి కలపడానికి మధ్యలో పలక చేయించాలి, రేడియేటర్ పెద్దది పెట్టాలి. ఆ పైన ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు. ఇంజిన్ మార్పు కాగితాల్లో ఎక్కించడానికి రవాణా ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు మా ఆయన చెప్పాలి, నేను చెప్తే తిట్లొస్తాయి.

అన్నిటికంటే నాకు కావలసింది పవర్ స్టీరింగ్. నిలబడి ఉన్న ఆ బండి చక్రం తిప్పాలంటే నాన్న భుజాలు ఉండాలి. నేను రెండు చేతులా వేలాడినా కదిలేది కాదు. పంపు బిగించాక మా ఆయన నన్ను సీట్లో కూర్చోబెట్టి ఒక్క వేలితో తిప్పమన్నారు. తిరిగింది. ఇంజిన్ పక్కింట్లో కుట్టుమిషన్ తొక్కుతున్నంత మెత్తగా ఆడుతోంది. నవ్వుతున్నాననుకున్నాను, మా ఆయన చూసి ఏడుస్తున్నావెందుకు అన్నారు. ఇంక ఎక్కుడొకటే మిగిలింది.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజున మా గంజాం జిల్లాలో చక్రమున్న ప్రతిదానికీ బొట్టు పెడతారు. సందులో ఆటోలకి బంతిపూల దండలు, స్కూటర్లకి కుంకుమ. జీపు కడిగి, పసుపు రాసి, ముందు పీట వేసి పనిముట్లన్నీ పేర్చాం. పాత భాగాలున్న పళ్ళెం కూడా అక్కడే పెట్టాం. చిన్నాన్న ఖల్లికోట నుంచి కొబ్బరికాయ తెచ్చాడు. బండి చుట్టూ తిరిగి అంతా తడిమి చూశాడు. పీట దగ్గర కూర్చున్నవాడు పళ్ళెంలోంచి ఇత్తడి ట్యాపు తీశాడు.

"దీన్నెందుకు పీకీసినారు?"

"కొత్త ఇంజనుకి పనికిరాదు మావయ్యా" అన్నారు మా ఆయన. "దొంగల బయం ఇప్పుడెక్కడుంది?"

"దొంగలేటి బాబూ? ఎండుచేపల బండిని ఎవుడెత్తికెల్తాడు?" చిన్నాన్న పిడి మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు. "ఇది నాను తెచ్చిందే. అన్న తెమ్మన్నాడు, తెచ్చేను. ఎందుకని అడగనేదు. మొదటిసారి ఎక్కుడు కాడ ఆగినప్పుడు తెలిసింది. మామిడితోట దాటీసరికి కట్టీవోడు. పైపులో ఉన్న డీజిలు అయిపోయి, సరిగ్గా ఆ సోటు కెల్లి ఆగీది."

నా చేతిలో హారతి పళ్ళెం ఉంది. దాన్ని కింద పెట్టాను. "ఏ సోటు?"

"వొదిన పోనాది కదా, ఆ సోటు."

"నాన్నే ఆపేవోడా? ఎందుకు?"

"తెడ్డెత్తడానికి" అన్నాడు, అందరికీ తెలిసిన సంగతే కదా అన్నట్టు.

నాకు తెలియదు. నేను నాన్న ఒడ్డెక్కాక పుట్టి, సందులో పెరిగినదాన్ని. మా ఆయనకి అసలే తెలియదు. మా ఇద్దరి ముఖాలూ చూసి చిన్నాన్న నెమ్మదిగా చెప్పాడు.

"సంద్రంలో మన మడిసి పోనాడనుకో. ఆ నీటి మీంచి మల్లీ ఎల్లీటప్పుడు తెడ్లేసుకుంటూ పోకూడదు. తెడ్లెత్తీయాల. తెప్ప ఆగినంత సేపు ఆగాల. ఎవులూ మాటాడకూడదు. అప్పుడు మల్లీ తెడ్డెయ్యాల. మా అయ్య సేసీవోడు, మా తాత సేసీవోడు. అన్న ఒడ్డెక్కినాడు గాని, అదెక్కడికి పోతాది?"

"ఆపాలంటే ఉత్తినే ఆపొచ్చు కదా మావయ్యా" అన్నారు మా ఆయన. "ఈ ట్యాపెందుకు?"

"బండి నిండా జనం. ఎందుకాపేవంటారు. సెప్పాల. సెప్తే ఏడుపొస్తాది. మా అమ్మ పోనప్పుడు కూడా అన్న నలుగుర్లో ఏడవనేదు. బండి సెడిపోతే ఎవుడూ ఏటీ అనడు కదా. బానెట్టెత్తి, తల లోపలెట్టి ఏడిసీవోడు. నాను రాయేసి అటు తిరిగి నిలబడీవోణ్ణి."

నాకు ఆ పాదాలు కనబడ్డాయి, బానెట్ కింద. నూనె మసి పూసుకున్న ముఖం కనబడింది. అడిగాను. "అయితే అమ్మ పోయిన రోజున బండి ఆగిపోవడం?"

"ఎవులన్నారు? ఆ రోజు బండి ఒక్క దగ్గు దగ్గనేదమ్మా. సక్కగా ఎక్కతంది. వొదిన తల అన్న బుజం మీదకి వాలిపోనాది. అప్పుడు అన్నే ఆపీసినాడు. ఎంతకీ కదపడు. ఎవులో సైకిలు మీద వత్తన్నారు, ఆల్లు సూడకుండా బానెట్టెత్తరా అన్నాడు. ఎత్తేను."

నాకు మొదట వచ్చింది కోపమే. నాన్న మీద, చిన్నాన్న మీద, నా తల మీద కొంగు కప్పిన ఆడవాళ్ళందరి మీద. ఏ పాపమూ ఎరగని బండిని ఇన్నాళ్ళూ హంతకురాలిని చేశాను. చచ్చిపోయిన అమ్మని పిల్లలెత్తుకుపోయే దయ్యాన్ని చేశాను. "నాకు సెప్పాలని ఒక్కరికీ తోచనేదా సిన్నాన్నా? నాను బయంతో సచ్చిపోయీదాన్ని అక్కడ."

చిన్నాన్న నిజంగానే తెల్లబోయాడు. "నీకు బయమా? నువ్వు కళ్ళు మూసుకునీదానివి కదమ్మా. నిద్దరపోనావనుకునీవోల్లం."

పూజ పూర్తి చేశాం. కొబ్బరికాయ చిన్నాన్నే కొట్టాడు. ఆయన వెళ్ళాక నా భయం సంగతంతా మా ఆయనకి మొదటి నుంచి చెప్పాను. నవ్వలేదు. ట్యాపు చేతిలో పట్టుకుని, కొత్త ఇంజిన్ పంపు ఒక్కసారి కూడా డీజిల్ లేకుండా తిరగకూడదనీ, తిరిగితే పాడవుతుందనీ, పైపుకి దీన్ని పెట్టడానికి లేదనీ చెప్పారు. పైపుకి వద్దు, ఉన్నచోట ఉంటే చాలన్నాను. అది ఉండే చోట్లోనే, డ్రైవరు ఎడమ చేతికి అందేలా, దేనికీ కలపకుండా బిగించారు. ఎడమ సీటుకి కొత్త గుడ్డ వేయించేటప్పుడు జడపిన్ను నేనే తీసి పీచులో పెట్టాను. గుచ్చుకుంది కొంచెం.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం బయల్దేరాం. ఖల్లికోటలో చిన్నాన్నని ఎక్కించుకున్నాం. ఎడమ సీటు మీద నీళ్ళ డబ్బా చూసి మా ఆయన వెనకెక్కి చిన్నాన్న ఎదురుగా కూర్చున్నారు. పొలసర దాకా దారి మారిపోయింది. రోడ్డు వెడల్పు చేశారు, నల్లటి తారు వేశారు. పొలసరలో టీ తాగాం.

తిరుగు ప్రయాణంలో మామిడితోట ఉండవలసిన చోట నాలుగు చెట్లూ ఒక సిమెంటు దుకాణమూ ఉన్నాయి. గుర్తుపట్టలేకపోయేదాన్నే. వెనక చిన్నాన్న చెబుతున్న కబుర్లు ఆపేశాడు, అందువల్ల తెలిసింది. నా ఎడమ చెయ్యి కిందకి పోయింది. పిడి నున్నగా చేతికి తగిలింది. తిప్పాను. ఏమీ కాదని నాకు తెలుసు. అయినా చెవులు దగ్గు కోసం ఎదురుచూశాయి.

ఎక్కుడు వచ్చింది. ఇంజిన్ గొంతు కొంచెం లావైంది, అంతే. చక్రం వేళ్ళ మధ్య తేలిగ్గా ఆడుతోంది. బండి ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఎక్కేసింది. పైన గాలి తగిలాక చూసుకుంటే ఆ చోటు వెనకైపోయింది. నేను కోరుకున్నదంతా, చిన్నప్పటి నుంచీ కోరుకున్నదంతా అదే. జరిగిపోయింది. సంతోషం ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అమ్మ మీంచి తెడ్డేసుకుంటూ వచ్చేశామనిపించింది.

పైన బండి తిప్పాను. కిందకి దిగి, సిమెంటు దుకాణం ముందు మళ్ళీ తిప్పాను. రెండోసారి ఎక్కుతూ, "సిన్నాన్నా, ఎక్కడో సెప్పు" అన్నాను.

"ఆ తెల్ల రాయి దాటనీ. హఁ. ఇక్కడే."

తాళం తిప్పేశాను. కొత్త బ్రేకులు బండిని గట్టిగా పట్టుకునే ఉన్నాయి, అయినా చిన్నాన్న దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. కొండల్లో అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు, కళ్ళు మూసుకుని చెవుల్లో నా గుండె చప్పుడే వినేదాన్ని కదా. దిగి ముందుకి వెళ్ళాను. బానెట్ ఎత్తాను. తల లోపల పెట్టాను.

ఎంతసేపో తెలియదు. వెనక ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఎవరో ఒడియాలో అడిగారు. "గాడి ఖరాప్ హెలా కి?"

"హఁ బాబూ, టికే ఖరాప్. ఠిక్ హెయిజిబొ" అన్నాడు చిన్నాన్న. కొంచెం పాడైంది, బాగైపోతుందిలే అని. మోటారు సైకిలు వెళ్ళిపోయింది.

బానెట్ దించాను. కొత్త ఇంజిన్ కదా, ముఖానికి పూసుకోవడానికి కాస్త మసి కూడా లేదు. ఉన్న ముఖంతోనే వెనక్కి వచ్చాను. చిన్నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన్ని చూసి మా ఆయన కూడా అటే తిరిగి నిలబడ్డారు. వాళ్ళు రాయి తీసి ఎక్కేదాకా ఆగాను. నీళ్ళ డబ్బా తీసి కింద పెట్టి, ఎడమ సీటు మీద చెయ్యి వేశాను.

"ఎల్దామా అమ్మా?" అన్నాను.

అమ్మతో నేను మాట్లాడడం అదే మొదలు.